తాళాలాయన తియ్యని తలుపు

చీటీలో ఎనిమిది సామాన్లు రాసిస్తే మరిది ఆరే తెచ్చాడు. ఉప్పూ సబ్బూ ఏవని తోడికోడలు వీధంతా వినేలా కడిగేసింది. వదిన గుమ్మంలో నిలబడి వింటూనే ఉంది.

మరిది గొంతు పెంచలేదు. సంచీ నేలమీద బోర్లించాడు.

"మనిషికి ఆరే పడతాయి. ఏడోది కావాలంటే ఇందులో ఏది పారెయ్యాలో నువ్వే చెప్పు."

తోడికోడలు నూనె సీసా ఎత్తి దించింది. పప్పు పొట్లం ఎత్తి దించింది. చివరికి అన్నీ లోపలికి మోసింది. ఆవిడ ఓడిపోగా వదిన చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ ఆరు లెక్క ఎక్కడిదో వదినకు తర్వాత తెలిసింది. మరిదిది తాళంచెవులు చేసే కొట్టు. పెళ్లయిన కొత్తలో ఎవరో వాడి వదిలేసిన వీడియో గేమ్ పెట్టె ఒకటి కొన్నాడు. అందులో ఒక పెద్ద మేడ, నడిచే శవాలు, గదికో తాళం. సంచీలో ఆరు వస్తువులకు మించి పట్టవు. తూటాలు దొరకడమే గగనం. మన పిసినారి ఒక్కటీ పేల్చలేదు. దూరపు చుట్టం ఎదురైతే సందులోకి తప్పుకున్నట్టు శవాల పక్కనుంచి జారుకుంటూ, పదకొండు నెలలకు చివరి తలుపు చేరాడు. అవతల ఏదో గుర్రుమంది. ఆగిపోయాడు.

అప్పటినుంచి ఇరవై రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఆ తలుపు ముందు నిలబడి, గుర్రు విని, పెట్టె కట్టేసి భోజనానికి లేచేవాడు. ఊళ్లో తాళాలన్నీ చిటికెలో తీసేవాడికి ఆ ఒక్కటే కొరకరాని కొయ్య.

"తీస్తే అయిపోతుంది కదా వదినా," అన్నాడొకసారి.

"తియ్యకపోతే నువ్వే అయిపోతావు," అంది వదిన.

మొన్న పెట్టెలోంచి పొగ వచ్చింది. బాగుచేసేవాడు ఏదో అతికించి, ఇంకొక్కసారి వెలుగుతుంది, ఆపైన చెత్తబుట్టే అన్నాడు. ఆ తలుపు వెనకేముందో ఇప్పుడు చూడకపోతే ఇక జన్మలో చూడలేడు. మరిది పెట్టె వెలిగించాడు గానీ, మీట మీద పెట్టిన వేలు మళ్లీ వెనక్కి తీసేసుకున్నాడు. పెళ్లాన్ని పిలిస్తే, పెట్టెనే పగలగొడతానంది. పరుగున వెళ్లి వదినను పిలుచుకొచ్చాడు.

వదిన చదివింది రెండో తరగతి. అయితేనేం, కరెంటు మీటర్ చూసేవాడు కూడా ఆవిడ గుమ్మం ముందు చెప్పుల చప్పుడు కాకుండా నడుస్తాడు. చేతులు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. ఏ మీట తలుపుకో, ఏది తుపాకీకో చూపించి, మరిది వెనక్కి వెనక్కి నడిచి వరండాలోకి పోయి తలుపేసుకున్నాడు.

"ఆ భూతం ఏమైనా అంటే ఊరుకోకు వదినా," అన్నాడు అవతలినుంచి. "తూటాలు మాత్రం చూసి వాడు."