చెంపల మీదికి లేచే చేతులు

నేనూ మా అన్నా పనిచేసిన గ్రానైట్ క్వారీ మేస్త్రీని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కరీంనగర్ పక్కనున్న ఆ గుట్టను పేల్చే ముందు విజిల్ ఊది కూలీలను దూరం పంపడం అతని పని. విజిల్ మెడలోనే వేలాడేది, ఊదడానికే బద్ధకం. రాయి ఎగిరి ఎవరికైనా తగిలితే ఆకాశం వైపు చూసి చెంపలు వేసుకునేవాడు. మరునాడు మళ్ళీ అంతే.

అలాగే ఒకరోజు మా అన్న కన్ను పోయింది. మేస్త్రీ ఆస్పత్రికి వచ్చి, అన్న ముఖం కూడా చూడకుండా, గోడమీది దేవుడి పటం ముందు చెంపలు వేసుకున్నాడు.

“రాసిపెట్టి ఉన్నది తమ్మీ, నా చేతుల ఏమున్నది?” అన్నాడు నాతో.

“మెడల విజిల్ ఉన్నది గద మేస్త్రీ,” అన్నాడు అన్న మంచం మీదినుంచి.

యూదు మత గురువుల ఆలోచనల గురించి చాలా ఏళ్ళ తర్వాత చదివాను. మంచో చెడో ఎంచుకునే స్వేచ్ఛ మనిషిదేనట. సాటి మనిషికి చేసిన తప్పుకు ముందు ఆ మనిషినే బతిమాలుకోవాలట. అదే తప్పు చేసే వీలు మళ్ళీ దొరికినప్పుడు ఆగినవాడిదే నిజమైన పశ్చాత్తాపమట.

మేస్త్రీకి ఆ వీలు, అన్న ఇంకా ఆస్పత్రిలో ఉండగానే దొరికింది. అదే గుట్ట, కిందనే కూలీలు. నేనే అరిచి వాళ్ళను తరిమాను. అతను విజిల్ ముట్టనే లేదు. మందు పేలకముందే చెంపలు వేసుకోవడం మొదలుపెట్టాడు.