లచ్చమ్మ ఇంటి మోత

లచ్చమ్మ అనంతగిరి నుంచి కోదాడ పక్క ఊరికి కాపురానికి వచ్చిన వారంలోనే చావడి దగ్గర నుంచి కేక వినిపించింది. మొగుడు మైసయ్య తింటున్న జొన్న గటక వదిలేసి చేయి కడుక్కున్నాడు. ఊరికి ఏ అధికారి వచ్చినా అతని పెట్టె, పరుపు, వంటసామాను పక్క ఊరి దాకా నెత్తిన మోసుకుపోవడం ఆ ఇంటి పని. కూలి లేదు. అలా చేయాలని ఎక్కడా రాసి లేదు. అది మామూలు, అంతే.

వెట్టి కూడదని నిజాం సర్కారు ఎప్పుడో ఫర్మానా తీసిందట. తీసే ఉంటుంది. ఆ కాగితం హైదరాబాదులో హాయిగా పడుకుంది. రాయని మామూలు మాత్రం ఇక్కడ కోడి కూయకముందే లేచి తిరిగేది.

మెడ నరాలు పట్టేసి మైసయ్య నడివయసులోనే పోయాడు. దినాలు అయ్యాయో లేదో, మోత కొడుకు దశరథ నెత్తికెక్కింది. అంతలో ఊళ్లల్లో సంఘాలు లేచాయి, రజాకార్లు దిగారు. ఊరి పెత్తనం చేస్తూ ఆ కేక వేయించే పటేలు హుజూర్‌నగర్‌లో చుట్టాల ఇంట తలదాచుకున్నాడు. అధికారులు ఇటు తొంగిచూడలేదు. చావడి నుంచి కేక వినిపించలేదు గానీ, లచ్చమ్మ చెవులకు నెమ్మది లేదు. ఏ పూట పిలుపొస్తుందోనని భయపడుతూనే ఉండేది.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం పటేలు తిరిగొచ్చాడు. అప్పుడే దశరథకు సూర్యాపేటలో, ధాన్యం బజారులో హమాలీ పని దొరికింది. అదే మోత, కాకపోతే కూలి ఇస్తారు. వాడు రేపోమాపో బయలుదేరతాడనగా, ఊరి మామూళ్లన్నీ రాయిస్తానని పటేలు చావడిలో జనాన్ని కూర్చోబెట్టాడు. జనంలో పాత భయం పోయింది కదా, రాతతోనైనా కట్టేద్దామని ఆయన ఎత్తు. మోత కూడా రాతకెక్కితే దశరథ ఊరు కదలలేడు.

రాసేది పటేలు మేనల్లుడు కృష్ణమూర్తి, సూర్యాపేటలో వకీలు.

"ఢిల్లీల పెద్దోళ్లే దేశానికి చట్టాల పుస్తకం రాస్తున్నరు. మనం ఊరికి రాసుకుంటే తప్పేంది?" అన్నాడు పటేలు.

"ఇంగ్లండుకు గసుంటి ఒక్క పుస్తకం లేదు మామా. కొన్ని చట్టాలున్నయి, మిగిలిందంత మామూలే. రాయాల్నని కొందరు, రాస్తే బిగుసుకపోయి మార్చరాదని కొందరు, వాదులాడుకుంటనే ఉంటరు."

"బిగుసుకుంటేనే మంచిది. ముందుగాల వాగు బాట రాయి."

ఆ బాట పటేలు చేనులోంచి పోతుంది. గొడవల రోజుల్లో జనం అటు నడవక గడ్డి మొలిచింది. "రెండు వానకాలాలు ఎవ్వరు నడవని బాట సేన్ల కలుస్తది. గది తాతలనాటి మామూలు" అన్నాడు పటేలు. అబద్ధం కాదు కాబట్టి ఊరు తలూపింది. కృష్ణమూర్తి రాసుకున్నాడు.

"ఇగ మోత. గది మైసయ్య ఇంటిది."

చావడిలో ఆడమనిషి నోరు విప్పే మామూలు కూడా లేదు. లచ్చమ్మ లేచి నిలబడింది. "దొరా, గదొక్కటి రాయకుండ్రి. గీ రెండేండ్లు మూట ఎత్తక నా కొడుకు మెడ ఇప్పుడిప్పుడే నిలబడ్డది" అని చేతులు జోడించింది.

కృష్ణమూర్తి కలం ఆగింది. "మామా, పార్లమెంటు సభ చేసిన చట్టాన్ని కాదనే హక్కు ఇంగ్లండు రాజుకు ఉన్నదంటరు. రెండు వందల ఏండ్లు దాటింది, ఏ రాజూ వాడలే. ఇప్పుడు వాడుతనంటే అక్కడ ఎవ్వరూ ఒప్పరు. రెండు వానకాలాలు మోత కూడ ఎవ్వరు మోయలే, బాటకు నువ్వు చెప్పిన మాటే మోతకూ వర్తిస్తది. కాదంటవా, బాట మళ్ల తెరవాలె."

పటేలు గడ్డం గోక్కున్నాడు. బాట పోయేది మంచి నల్లరేగట్లో. "మోత సంగతి రాయకు" అన్నాడు చివరికి.

లచ్చమ్మకు భయం పూర్తిగా పోలేదు. రాయనంత మాత్రాన ఏమైంది, ఇన్నాళ్లూ రాయకుండానే కదా మైసయ్య మోసింది. వాగుకు పోవాలంటే ఇక చుట్టు తిరగాలి, అదొకటి. ఈసారి అధికారి వస్తే ఏమవుతుందో చూసి పొమ్మని కొడుకును ఇంకొన్నాళ్లు ఆగమంది.

వానలు పడ్డాక భూముల లెక్కలు తనిఖీ చేసే గిర్దావరు వచ్చాడు. పని చూసుకున్నాడు. పెట్టె, పరుపు చావడి ముందుకు వచ్చాయి. గిర్దావరు పటేలు వైపు చూశాడు, పటేలు మైసయ్య ఇంటి వైపు చూశాడు. గోడ వెనక లచ్చమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అరుగుల మీద జనం ఎవరి పని వాళ్లు మానేసి పటేలునే చూస్తున్నారు.

పటేలు దగ్గి, తన జీతగాణ్ణి పిలిచాడు. "మన బండి కట్టురా" అన్నాడు.

లచ్చమ్మ నోట్లోంచి కొంగు తీసేసింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఆపుకోలేదు. తన నెత్తి మీది మూటే దించినట్టయింది.

మర్నాడు దశరథ సద్దిమూట చంకన పెట్టుకుని బయలుదేరాడు. లచ్చమ్మ సూర్యాపేట తొవ్వ దాకా వెంట వెళ్లి, కొడుకు మెడ మీద చేయి వేసి నిమిరింది.

"పైలం కొడుకా. కూలి మాట్లాడినంకనే మూట ఎత్తు."