మెల్లగా మాట్లాడని నికనోర్

నికనోర్ బుస్తియెల్లోకు మెల్లగా మాట్లాడటం గిట్టదు. ఉప్పు అందుకోమనాలన్నా అరుస్తాడు. ఆయన ఫుట్‌బాల్ మేనేజర్. నేను, తెల్మోను, ఆయన సహాయకుణ్ణి. ఏ ఊరి క్లబ్ పిలిచినా నన్నూ వెంట తీసుకువెళ్లేవాడు. ఏ ఊరివాళ్లు వెళ్లగొట్టినా ఇద్దరం కలిసే పెట్టెలు సర్దుకునేవాళ్లం.

ఆయన కోపానికి కారణం ఉండి తీరాలనేమీ లేదు. ఎండ కాస్తే గడ్డి మాడిపోతోందని కోపం, వాన పడితే బంతి జారుతోందని కోపం. స్పెయిన్ ఉత్తరాన మా అస్తూరియాస్‌లో వానకు లోటు లేదు కనుక ఏడాది పొడుగునా ఆయనకు చేతినిండా పనే. రిఫరీ ఈల నోట పెట్టుకోకముందే గీత దగ్గరికి వెళ్లి నిలబడేవాడు.

"అది ఫౌల్ కాదయ్యా."

"నేనింకా ఏమీ ఇవ్వలేదు కదండీ."

"ఇస్తావు. నీ మొహంలోనే తెలుస్తోంది."

దక్షిణాన ఒక క్లబ్‌లో మా జట్టు వరసగా గెలుస్తోంది. అధ్యక్షుడు తన అల్లుణ్ణి ఎందుకు ఆడించడం లేదని అడిగాడు. "పవిత్ర వారంలో మేరీమాత పల్లకీ మోసేవాళ్లు మీ అల్లుడికంటే వేగంగా నడుస్తారు" అన్నాడు నికనోర్. మర్నాడే రైలెక్కాం. మరో ఊళ్లో మైదానాన్ని ఆశీర్వదించడానికి పాదిరీగారు పవిత్ర జలంతో వచ్చారు. "ఇంకా నీళ్లు పోయకండి ఫాదర్, ఉన్న నీళ్లే ఎటూ పోక చస్తున్నాం" అని అడ్డం నిలబడ్డాడు. అక్కడ మాకు క్రిస్మస్ భోజనం కూడా దక్కలేదు.

మా దేశంలో ఏ మేనేజర్‌నైనా పిలిచినట్టే ఆటగాళ్లు ఆయన్నూ మిస్టర్ అని పిలిచేవాళ్లు. ఆయన తిట్లకు ఎవరూ భయపడేవాళ్లు కాదు. తిడుతున్నాడంటే ఇంకా ఆశ పెట్టుకున్నాడని అర్థం. వాళ్ల భయమల్లా ఆయన మెత్తదనానికే. ఒకరోజు మా గోల్‌కీపర్ పాలిపోయిన మొహంతో నా దగ్గరికి వచ్చాడు.

"తెల్మో, మిస్టర్ ఇందాక నా భుజం తట్టి, ఇంట్లో అంతా కులాసానా అని అడిగాడు. నన్ను తీసేస్తున్నారా?"

"అదేం లేదులే" అన్నాను. ఆ వారమే అతన్ని మరో క్లబ్‌కు అమ్మేశారు.

అలా తిరిగి తిరిగి వల్మురియా అనే లోయ ఊరికి చేరాం. బొగ్గు గనులు మూతపడ్డాక ఆ లోయలో జనానికి మిగిలింది ఆ జట్టొక్కటే. కెప్టెన్ ఒనోఫ్రె, డిఫెండర్. అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నవాడు అతనే. ఆ వసంతంలో చివరి ఆట ఓడితే మేము కింది శ్రేణికి పడిపోతాం. ఆట ముగుస్తుందనగా గోల్‌లోకి దూసుకొస్తున్న బంతికి ఒనోఫ్రె కాలు అడ్డం పెట్టాడు. బంతి ఆగింది. కాలు గోల్ స్తంభానికీ అవతలి ఆటగాడికీ మధ్య నలిగిపోయింది. జట్టు నిలిచింది. ఒనోఫ్రె ఇక ఆడలేడని డాక్టర్లు చెప్పేశారు.

మేమంతా వంతులవారీగా ఆసుపత్రికి వెళ్లి గుసగుసగా ధైర్యం చెప్పి వచ్చాం. అతని భార్య ఎల్విరా ఒకరోజు నన్ను వసారాలో ఆపింది.

"గోడవైపు తిరిగి పడుకుంటున్నాడన్నా. ముద్ద ముట్టడు. వచ్చినోళ్లంతా శవం పక్కన కూచున్నట్టు మాట్లాడి పోతున్నారు."

ఆ మాట నికనోర్‌కు చెప్పి, "మీరొకసారి రండి, కానీ దయచేసి మెల్లగా మాట్లాడండి" అని బతిమాలాను.

ఆయన గదిలో అడుగు పెడుతూనే అందుకున్నాడు. "ఆ బంతికి కుడికాలు పెట్టమని ఎవడు చెప్పాడు నీకు? ఎడమకాలని ఏడాదంతా గొంతు చించుకున్నానా లేదా?"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. నర్సు పరుగెత్తుకొచ్చింది. "ఇది ఆసుపత్రి సార్."

"తెలుస్తూనే ఉందమ్మా. ఈ సూప్ చూడు. గిన్నెలు కడిగిన నీళ్లలా ఉంది. మనిషి దీన్నెలా తింటాడు?"

ఒనోఫ్రె మెల్లగా ఇటు తిరిగాడు. "ఎడమకాలు పెట్టుంటే గోల్ పడేది."

"పడేది కాదు."

"పడేదే. మీరెక్కడ చూశారు? అప్పుడు మీరు లైన్ రిఫరీతో పోట్లాడుతున్నారు."

నికనోర్‌తో ఎవరూ అలా మాట్లాడగా నేను వినలేదు. ఒనోఫ్రె మోచేతులమీద లేచి కూర్చున్నాడు. మొహం ఎర్రబడింది. "నేనిక మీ ఆటగాణ్ణి కాదు. మీ మాటలు పడాల్సిన ఖర్మ నాకు లేదు."

"కాదని నాకు తెలీదా? ఆ డిఫెండర్లకు ఎక్కడ నిలబడాలో నేర్పే దిక్కులేక నేను చస్తున్నా. నువ్విక్కడ గోడ చూస్తూ పడుకున్నావు. కట్టు విప్పగానే మైదానానికి రా. ఆలస్యమైందా, ఊరుకోను."

ఎల్విరా సూప్ గిన్నె పట్టుకుని మంచం పక్కనే ఉంది. ఒనోఫ్రె ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. "నిజంగానే గిన్నెలు కడిగిన నీళ్లే" అన్నాడు. కానీ చివరిదాకా తాగాడు.

వసారాలో క్లబ్ అధ్యక్షుడు దోన్ ఎవరిస్తో పూలగుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపలి కేకలన్నీ విన్నట్టున్నాడు. "నికనోర్, కాలు పనిచేయనివాణ్ణి పెట్టుకుని మనమేం చేస్తామయ్యా?"

నికనోర్ ఆయన భుజంమీద చెయ్యి వేసి నవ్వాడు. "అలాగా దోన్ ఎవరిస్తో? ఇంట్లో అంతా కులాసానా?" అన్నాడు, ఎంతో మెత్తగా.

ఆ మెత్తదనం వెనక ఏముంటుందో తెలిసిన అధ్యక్షుడు రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను వద్దన్నానా? పెట్టుకో, పెట్టుకో" అంటూ గదిలోకి దూరిపోయాడు.

ఆకులు రాలే కాలానికి ఒనోఫ్రె ఊతకర్రతో మైదానంలోకి దిగాడు. వానలో నిలబడి కర్ర ఊపుతూ డిఫెండర్ల మీద విరుచుకుపడుతున్నాడు. నికనోర్ మధ్యలో ఏదో చెప్పబోయాడు.

"మిస్టర్, మీరు కాసేపు నోరు మూసుకోండి. ఇది నా పని."

నికనోర్ నిజంగానే నోరు మూసుకుని, నేనున్న రేకుల కిందికి వచ్చాడు. మీసాల వెంట నీళ్లు కారుతున్నాయి.

"విన్నావా తెల్మో? నన్నే నోరు మూసుకోమన్నాడు. ఎంత పొగరో చూడు వాడికి."

"పిలిచి మందలించమంటారా?"

"వాణ్ణి ఒక్క మాటన్నావంటే నీ తాట తీస్తాను" అని నామీద పడి, సాధన ముగిసేదాకా నన్ను తిడుతూనే ఉన్నాడు.