మిరపకాయలు మధ్యాహ్నం మీదనే

మా చిన్నప్పుడు... పుంగనూరులో మా పిండిమిషను దగ్గరికి ఒకావిడ టిఫిను డబ్బా పట్టుకుని వచ్చింది. పిండి పట్టించుకోడానికి కాదు... డబ్బాలో సంగటి ముద్ద ఉంది.

"తిని సూడన్నా" అంది మా నాన్నతో.

నాన్న ఓ ముక్క నోట్లో వేసుకున్నాడు. కళ్లెంబడి నీళ్లు! ముందురోజు ఎవరివో మిరపకాయలు ఆడించి, వెంటనే ఆ రాళ్ల మీదే ఈవిడ రాగులు పోసేశాడు మరి...

మా నాన్నకు కాదనడం రాదు. ఎవరు ఏది ముందు తెస్తే అది ఆడించేవాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అనేవాడు. పక్క వీధిలో ఇంకెవరో కొత్త మిషను పెట్టాక ఆ మంచితనం ఇంకా ముదిరింది.

"ఊరు మంచిదే... సంగటే మండతాండాది" అంది అమ్మ. మర్నాటి నుంచి మిషను దగ్గర తనే కూర్చుంది.

పొద్దున రాగులు, ఆ తర్వాత బియ్యం. మిరపకాయలు, ధనియాలు అన్నాల వేళ దాటాకే. సాయంత్రం రాళ్లు విప్పి బ్రష్షుతో రుద్ది, గుప్పెడు నూకలు ఆడించి ఆ పిండి పారబోయాల్సిందే. డబ్బా దించిన ప్రతి ఒక్కరినీ "ఎవరికమ్మా?" అని అడిగేది... పళ్లు లేని ముసలోళ్లకైతే ఇంకాస్త మెత్తగా పట్టించేది. జనం సణిగారు. "ఇట్లయితే గిరాకీ అంతా పక్క వీధికి పోతాది" అని నాన్న ఒకటే గోల.

అన్నట్టే అయింది. రామసముద్రం దిక్కు నుంచి నారాయణప్ప అనే పెద్ద రైతు వచ్చేవాడు. మాకున్న పెద్ద గిరాకీ ఆయనే. ఓ పొద్దున మిరపకాయల మూటలు దించాడు. అప్పటికే ఒకమ్మాయి బిడ్డ జావ కోసం రాగులు తెచ్చి కూర్చోనుంది.

నాన్న మూట ఎత్తేశాడు కూడా... అమ్మ తొట్టి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నా, ఆయమ్మ రాగులు పసిబిడ్డకి. మద్దేనం దాకా ఉండు. తొలి మూట నీదే."

"నన్నే ఉండమంటావామ్మా?" అని మూటలు ఎత్తించుకుని పక్క వీధికి పోయాడాయన.

నాన్న ఆ పూట అన్నం ముట్టలేదు. "ఇంక మిషను మూసుకునేదే" అన్నాడు. నాకూ భయమేసింది... మా తిండీ, మా చదువులూ అన్నీ ఆ మిషను మీదే కదా. అమ్మ మాత్రం బెదరలేదు. "పెద్దోళ్లకొకటి, పేదోళ్లకొకటి అయితే అది పద్ధతి ఎట్లవుతాది?" అంది.

ఎండాకాలం పోయింది, వానలూ పోయాయి... చలికాలంలో ఓ సాయంత్రం నారాయణప్ప మళ్లీ మెట్లెక్కాడు. చేతిలో చిన్న స్టీలు డబ్బా. మొలకకట్టి ఎండబెట్టిన రాగులు... కూతురి బిడ్డకట. మిషన్లో అప్పుడు ఎవరివో మిరపకాయలు ఆడుతున్నాయి.

నాన్న సంబరంగా లేచాడు. అలవాటు యాడికి పోతుంది! "ఇట్లియ్యప్పా, ఇప్పుడే ఆడిచ్చిస్తా."

నారాయణప్ప డబ్బా వెనక్కి లాక్కున్నాడు.

"వొద్దప్పా... ఇది మిరప్కాయల టయిము గదా. పొద్దున్నే ఆడిచ్చు. మనవడికి."

అమ్మ డబ్బా అందుకుని రేపటి వరసలో మొదట పెట్టింది. ఆ తర్వాత నాన్న వచ్చినవాళ్లందరికీ "మా మిషన్లో పద్ధతి ఇంతేనమ్మా" అని తనే కనిపెట్టినట్టు చెప్పేవాడు... అమ్మ చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఇప్పుడు మదనపల్లెలో రాగిపిండి పాకెట్టు కొంటాను. శుభ్రంగానే ఉంటుంది, వంక పెట్టను. కానీ బిల్లు కొట్టే పిల్ల తలైనా ఎత్తదు... నాకేమో ఆ ఒక్క మాట వినాలనిపిస్తుంది.

మీ ఊరి మిషను దగ్గర మిమ్మల్ని ఎవరైనా అడిగేవాళ్లా... "ఎవరికమ్మా?" అని?