కోత పండుగలో అమ్ముడుపోయిన అచ్చులు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఎవరికైనా దేశాన్ని కాస్త సరిచేసి పోదామనిపిస్తుంది. నాకైతే మొదటి జీతం చేతికి రాకముందే దేశచరిత్రను సరిచేయాలనిపించింది. గురజాల దగ్గర మా సొంత ఊరి హైస్కూల్లోనే సోషల్ మాస్టారుగా వేశారు నన్ను. (సొంత ఊళ్ళో మాస్టారు పని కష్టం. మనం క్లాసులో అక్బరు ఘనకార్యాలు చెబుతుంటే, మన చిన్నప్పటి ఘనకార్యాలు పిల్లలకు వాళ్ళ అమ్మలు ఇంట్లో చెబుతుంటారు.) ఆ ఏడాది నరసరావుపేటలో చుట్టుపక్కల బడులన్నీ కలిసి ఊళ్ళ చరిత్ర మీద ప్రదర్శన పెట్టాయి. మా హెడ్మాస్టరు గారికి చరిత్ర అంటే పల్నాటి యుద్ధం, పల్నాటి యుద్ధం అంటే కోడిపుంజులు. ఎక్కడ ప్రదర్శన జరిగినా అట్టతో రెండు పుంజులు చేయించి పంపేవారు. నేను మాత్రం మా చర్చి వరండాలో నడిచిన పాత బడి గురించి పెడదామన్నాను.

ఊరికి ఎడంగా ఉండే మా పల్లె పిల్లల్ని ఊరి బడి అరుగు కూడా ఎక్కనివ్వని కాలంలో చర్చి ఉపదేశి ఒకాయన ఆ వరండాలో బడి పెట్టాడు. నల్లబల్ల కొనే స్తోమత లేక నాపరాయి పలకనొకదాన్ని నున్నగా తీయించి, పైభాగాన అచ్చులన్నీ ఉలితో చెక్కించాడు. పిల్లలు వేలు పెట్టి దిద్దీ దిద్దీ ఆ అక్షరాలు లోతుగా అరిగిపోయాయి. ఆ అరుగుదలలో మా నాయనమ్మ వేలు కూడా ఉంది. మా ఇంట్లో మొదటి సంతకం ఆవిడదే.

ఇదంతా విని హెడ్మాస్టరు గారు, చర్చి సంగతి చర్చిలోనే చర్చించుకోవయ్యా, చరిత్రలోకి లాగితే ఎట్టా అన్నారు. ఈ దేశంలో చదువు ఎవరిదాకా ఎట్లా చేరిందో చెప్పేటప్పుడు ఈ వరండాను వదిలేస్తే అది సగం పాఠమే అవుతుందని నేను వాదించాను. చివరికి, సోమవారం ప్రదర్శన వేళకు ఆ రాయి కళ్ళెదుట ఉంటే సరే, లేకపోతే పుంజులే వెళ్తాయని తేల్చేశారు.

ముందురోజు ఆదివారం, మా కోత పండుగ. సంఘంలో ప్రతి ఇంటివాళ్ళూ పంటలో కొంత తెచ్చి చర్చి వరండాలో పెడతారు. మిరపకాయలు, పత్తి, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఆరాధన అయ్యాక వాటికి వేలం. ఊళ్ళోని హిందువులూ వచ్చి పాడతారు. ఆ రోజు వరండాలో ఉన్నదంతా దేవుడిదే, పాట ముగిసిందంటే వెనక్కి లేదు. ఈ కట్టుబాటు పుట్టిన దగ్గర్నుంచీ ఎరిగిన నేనే, పొద్దున్నే తమ్ముడితో కలిసి రాయిని లోపలి గదిలోంచి మోసుకొచ్చి, నరసరావుపేట తీసుకెళ్ళే ఆటో వచ్చేదాకా ఉంటుందని సరిగ్గా గుమ్మడికాయల పక్కన నిలబెట్టాను. అక్షరాలకు గీతలు పడకుండా వాటిని గోడవైపుకు తిప్పాను కూడా. (జాగ్రత్త అంటే అదీ.)

ఆరాధన ముగిశాక చర్చి వెనక్కి వెళ్ళి, మర్నాటి ఉపన్యాసం సాధన చేసుకుంటున్నాను. "ఈ రాయి అమూల్యమైనది" అని నేను వేపచెట్టుకు చేయెత్తి చెబుతుండగానే, ముందువైపు మైకు తాతయ్య దానికి మూల్యం కట్టేశాడు. ఆయన మా సంఘపెద్ద, మైకు చేతికిస్తే తిరిగి ఇవ్వడు. బట్టలుతకడానికి ఇంత నున్నటి బండ మాచర్లలో కూడా దొరకదని ఊరించి మరీ అమ్మాడట. నేను పరిగెత్తుకొచ్చేసరికి రాయి ట్రాక్టరెక్కి వెళ్ళిపోయింది.

"దేవుడికిచ్చింది దేవుడు అమ్ముకున్నాడు. మజ్జెన నీకేందిరా?" అన్నాడు తాతయ్య.

పాడుకున్నది మాజీ సర్పంచి. మిరప రైతు, ఊరందరికీ పెదనాయన. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. దొడ్లో బోరు పక్కన రాయి అక్షరాలు పైకి కనబడేట్టు పడుకుని ఉంది. బట్టల మూట మాత్రం విప్పలేదు. రాయి అంచులకు పసుపు, అక్షరం అక్షరానికీ కుంకుమ బొట్టు.

"ఏందిరా మాస్టారూ, అక్షరాలున్న రాయిని ఉతుకుడుబండ కింద అమ్ముకుంటారా మీరు? మీ పెద్దమ్మ దాని మీద కాలెట్టబోయి లెంపలేసుకుంది" అన్నాడు పెదనాయన.

రేపటి సంగతి, పుంజుల సంగతి, నా వేపచెట్టు సంగతీ అంతా చెప్పుకున్నాను. ఆయన రాయి పక్కన గొంతుక్కూర్చుని తన ఇంటి సంగతి చెప్పాడు. వాళ్ళ తాత బడి మానిపించి గొడ్ల వెంట పంపితే, వాళ్ళ నాయన గొడ్లను మేతకొదిలి మా వరండాకొచ్చి దిద్దుకునేవాడట. ఇంట్లో తెలిసి తన్నులు కూడా తిన్నాడట.

"అయితే ఇచ్చెయ్యి పెదనాయనా."

"పాడుకున్నది ఇచ్చేది లేదు. నేనే తెస్తా."

అన్నట్టే మర్నాడు పొద్దున్నే మిరప బస్తాలు తోలే లారీలో రాయిని తెచ్చి నరసరావుపేటలో ప్రదర్శన దగ్గర దించాడు, పసుపు కుంకుమలతో సహా, పెద్దమ్మతో సహా. మా పాస్టరయ్యగారి ముఖం పాలిపోయింది. తుడుద్దామా అని నా చెవిలో అడిగారు. పెద్దమ్మ రాయి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. తుడిచే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. ప్రభువు అర్థం చేసుకుంటాడులే అన్నారు అయ్యగారు.

పరిశీలనకు వచ్చిన పెద్దమనిషి బొట్లను చూశాడు, పక్కన నేను పెట్టిన చర్చి ఫొటోను చూశాడు, అయోమయంగా నావైపు చూశాడు. ఇది ఏ మతానికి చెందిన వస్తువండీ అని అడిగాడు. నేను బట్టీ పట్టిన ఉపన్యాసంలో ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. పెదనాయన ముందుకొచ్చాడు.

"చెక్కించింది వీళ్ళ చర్చి. చదువుకుంది మా ఊరు. ఇంకేం రాసుకుంటావో రాసుకో."

ఆ మాటతో నాకు కలిగినంత గర్వం ఆ తర్వాత ఏ సన్మానంలోనూ కలగలేదు. హెడ్మాస్టరు గారు వంగి, 'అ' మీద వేలు పెట్టి నెమ్మదిగా దిద్దారు.

ప్రదర్శన అయ్యాక పెదనాయన ఆ రాయిని తెచ్చి చర్చి వరండాలో తనే నిలబెట్టాడు, అక్షరాలు ఊరివైపుకు తిప్పి. ఇప్పటికీ కోత పండుగ వేలానికి ముందు మైకులో ఒక ప్రకటన వస్తుంది: ఈ రాయి, ఈ మాస్టారు వేలానికి లేరు. అందరూ నవ్వుతారు, అందరికంటే గట్టిగా నేను. ఇప్పుడు దేశంలో చదువు గురించిన పాఠం వచ్చినప్పుడు ఎనిమిదో తరగతి వాళ్ళను అక్కడికి తీసుకెళ్ళి, దిద్దుకోమని చెప్పి పక్కన నిలబడతాను. ఒక్క మాటా మాట్లాడను. అప్పటి ఆ కుర్ర మాస్టారైతే గంటసేపు దంచి ఉండేవాడు పాపం.