గవ్వ వెనక కాళ్ళు

రేసుకోర్సులో ఆయన్ని అందరూ డౌటు మావయ్య అనేవాళ్ళు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా గుర్రాలకు నాడాలు కొడుతున్న మనిషి. ఆయన గిట్ట పట్టుకున్నాడంటే ఎంత పొగరుమోతు గుర్రమైనా కిక్కురుమనదు. మనుషుల్ని మాత్రం ఒక్కణ్ణీ నమ్మడు. టీ ఇస్తే గ్లాసు కడిగావా అంటాడు, కడిగానంటే ఏ నీళ్ళతో అంటాడు. పెళ్ళాం తాళం వేశానన్నా మళ్ళీ వెళ్ళి లాగి చూస్తాడు. ఎవరైనా ఊరికే నవ్వుతూ పలకరిస్తే ఇక ఆ పూటంతా ఆయనకు మనశ్శాంతి ఉండదు.

అలాంటివాణ్ణి తెచ్చి తీర్పరుల్లో కూర్చోబెట్టారు చూడండి, అదీ క్లబ్బువాళ్ళ తెలివి! గేటు దగ్గర రాతిగుర్రం పెడతారట. ఈ తరంలోకెల్లా గొప్ప గుర్రం ఏదో తేల్చి దాని పేరు, కింద దాని జాకీ పేరు చెక్కిస్తారట. తేల్చడానికి ఐదుగురు: క్లబ్బు కార్యదర్శి, గుర్రాల డాక్టరు, పందెంలో టైము చూసే పెద్దాయన, దాణా కొట్టు అత్త, మన మావయ్య.

పేర్లు ఎన్ని అనుకున్నా చివరికి రెండే మిగిలాయి. పిడుగు పదిహేడు పందేలు పరిగెత్తి పదిహేడూ గెలిచిన మగగుర్రం. గవ్వ ఆరేళ్ళు పరిగెత్తి ఒకే ఒక్కసారి ఓడిన ఆడగుర్రం. ఆ ఒక్కసారీ పెద్ద పందెంలో, పిడుగు చేతిలో, మెడంత తేడాతో.

"గడియారం అబద్ధం చెప్పదు. పిడుగు టైము ఈనాటికీ ఎవరూ కొట్టలేదు," అన్నాడు పెద్దాయన.

"ఆ గడియారం ఎవరి చేతిలో ఉంది?" అన్నాడు మావయ్య.

"నువ్వూ పిడుగే అంటున్నావు కదా, నీ పక్షానే మాట్లాడుతున్నానయ్యా బాబూ!"

"అందుకే అడుగుతున్నా."

డాక్టరు గవ్వ వైపు. ఆరేళ్ళు ఎండలో వానలో పరిగెత్తి కాలు బెణకని గుర్రాన్ని ఇంకోదాన్ని తను చూడలేదన్నాడు. పిడుగు రెండేళ్ళకే కొట్టంలో పడుకుందని గుర్తు చేశాడు. దాణా కొట్టు అత్తకు ఇవేం పట్టలేదు. "ఎవర్ని ఓడించిందో చూడండి. తలపడింది ఒక్కసారే కదా, అందులో ఎవరు గెలిచారు?" అంది. కార్యదర్శి గోడ మీది ఫొటోలు చూస్తూ గడ్డం గోక్కున్నాడు.

"గుర్రం నిజంగా గొప్పదైతే, పైనున్నవాడు పగ్గం బిగబట్టినా గెలవాలి," అన్నాడు మావయ్య.

గది చల్లబడిపోయింది. ఆ పైనున్నవాడు, అంటే గవ్వ జాకీ, మావయ్యకు సొంత అక్క మొగుడు. పంతొమ్మిదేళ్ళ కిందట ఆ పందెంలో గవ్వ చివరి మలుపు దాకా ముందుండి, ఆఖర్న ఎందుకో బరువెక్కిపోయింది. బావ కావాలనే లాగి పట్టాడని, అమ్ముడుపోయాడని గుసగుసలు లేచాయి. రుజువు లేదు, కానీ మళ్ళీ ఆయనకు ఎవరూ గుర్రం ఇవ్వలేదు. అప్పట్నుంచీ ఇంట్లో కూర్చుని జీనులు కుట్టుకుని బతుకుతున్నాడు. ఆ గుసగుసను అందరికంటే ముందు నమ్మినవాడు మావయ్యే. రెండు వీధుల అవతలే ఉన్నా అక్క గడప తొక్కలేదు.

రెండో రోజు కార్యదర్శి ఆ పందెం ముగింపు ఫొటోను బల్లంత పెద్దది చేయించి తెచ్చాడు. ఎవరు ఏ ఊపులో ఉన్నారో చూసి మాట్లాడుకుందామని. అందరూ తలలు చూశారు. మావయ్య అలవాటు కొద్దీ కాళ్ళు చూశాడు.

కుర్చీ ఫొటో దగ్గరికి లాక్కున్నాడు.

పందెం రోజు పొద్దున్నే గుర్రానికి రోజువారీ ఇనప నాడాలు ఊడదీసి, తేలికపాటి అల్యూమినియం నాడాలు కొట్టాలి. ఫొటోలో గవ్వ ముందు గిట్ట కింద తెల్లగా మెరుస్తోంది. పైకి లేచిన వెనక గిట్ట మెరవడంలేదు. నల్లగా, వెడల్పుగా ఉంది. ముందు కొసన నాలుకలా పైకి మడిచిన చిన్న రేకు. ఆ మడత ఇనప నాడాకే వేస్తాడు తను. అలా ఇంకెవరూ వెయ్యరు. ఆ రోజు గవ్వకు నాడాలు కొట్టాల్సింది కూడా తనే.

ఎవరికీ ఏమీ చెప్పకుండా బయటికొచ్చాడు. మెట్లు దిగేలోపే అనుమానం అందుకుంది. తను మర్చిపోవడమేమిటి? బావే మార్చి ఉంటాడు! ఓడిపోవడానికి పగ్గం ఒక్కటే ఎందుకు, నాడాలూ వాడుకుని ఉంటాడు! అంతే, రెండు వీధులూ పరుగులాంటి నడకతో దాటి, పంతొమ్మిదేళ్ళ తర్వాత అక్క ఇంటి తలుపు దబదబా బాదాడు.

అక్క తలుపు తీసి నిలబడిపోయింది. లోపల బావ మోకాళ్ళ మధ్య జీను పెట్టుకుని దబ్బనంతో కుడుతున్నాడు.

"గవ్వ వెనక నాడాలు ఎవరు మార్చారు?" అన్నాడు మావయ్య గుమ్మంలోంచే.

బావ దబ్బనం ఆపాడు. "ఎవరూ మార్చలేదు. అదే కదా గొడవ."

"అంటే?"

"ముందు రెండూ కొట్టావు. ఈలోగా పిడుగుకి ఏదో సూది వేస్తున్నారని నీకు డౌటొచ్చింది. సుత్తి కింద పడేసి వాళ్ళ కొట్టం సందులోంచి తొంగి చూడ్డానికి పోయావు. నువ్వు తిరిగొచ్చేసరికి గుర్రాన్ని బయటికి తీసుకెళ్ళిపోయారు. నాలుగు కాళ్ళకీ కొట్టేశాననే అనుకున్నావు."

మావయ్యకు సందు గుర్తొచ్చింది. చెక్క గోడకు చెంప ఆనించి ఎంతసేపు నిలబడ్డాడో గుర్తొచ్చింది. లోపల ఎవరూ సూది వెయ్యలేదు, గుర్రం మెడ దువ్వుతున్నారంతే.

"నీకెప్పుడు తెలిసింది బావా?"

"మొదటి మలుపులోనే. వెనకభాగం ఈడుస్తోంది. దిగాక గిట్ట ఎత్తి చూశాను."

"చూసి నోరు మూసుకున్నావా? ఎందుకు? ఏం ఆశించి?"

ఈసారి అక్కకు కోపం నషాళానికెక్కింది. "ఇంకా అడుగుతున్నావట్రా! నేనే చెప్పొద్దన్నాను. మీ ఆవిడ అప్పుడు నెలలు నిండి ఉంది. గవ్వను ఓడగొట్టింది నాడాలవాడని తెలిస్తే ఇంకో గిట్ట ముట్టుకోనిచ్చేవాళ్ళా నిన్ను? నాలుగు రోజుల్లో అందరూ మర్చిపోతారులే అనుకున్నాం. ఈయనకి ఇక గుర్రమే ఇవ్వరని మాకేం తెలుసు? నువ్వే ముందు నిలబడి వేలెత్తి చూపిస్తావని అసలే తెలీదు."

మావయ్య గుమ్మంలోనే చతికిలబడ్డాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ఆఖరికి లేచి, "రేపు చెప్పేస్తాను. నలుగురిలో చెప్పేస్తాను. రాయి మీద నీ పేరు పడాల్సిందే," అన్నాడు.

మర్నాడు చెప్పాడు. ఉన్నదున్నట్టు, సందులోంచి తొంగి చూడ్డంతో సహా. వెనక ఇనుము మోసుకుంటూ మెడంత తేడాలో వచ్చిన గుర్రం కంటే గొప్పది ఏముంటుందని అడిగాడు. ఫొటో మీద వేలు పెట్టి చూపించాడు.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. "నాకు నల్ల మచ్చే కనిపిస్తోందయ్యా."

"అది నీడ కాదని ఏమిటి నమ్మకం?" అంది అత్త.

డాక్టరు ఫొటో మీదికి వంగి చాలాసేపు చూశాడు. "అయ్యుండొచ్చు," అన్నాడు. అంతకంటే గట్టిగా అనలేకపోయాడు.

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "మొన్నటిదాకా పిడుగు పిడుగు అన్నావు. నిన్న సాయంత్రం మీ బావగారింట్లో కనిపించావట. ఇవాళ ఈ కథ. తప్పుగా అనుకోకు మావయ్యా, రాతి మీద ఎక్కబోయేది మీ ఇంటల్లుడి పేరు. మాకు అనుమానం రాదా?"

"నా పరువు నేనే తీసుకుని చెబుతున్నానయ్యా! అబద్ధమైతే నాకేంటి లాభం?"

"అదే ఆలోచిస్తున్నా," అన్నాడు కార్యదర్శి.

జీవితమంతా మావయ్య అందర్నీ అడిగిన ప్రశ్న అది. చేతులెత్తించారు. పిడుగుకు మూడు, గవ్వకు రెండు.

తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాడు. ఈసారి తలుపు తీసే ఉంది.

"ఎంత చెప్పినా నమ్మలేదు బావా," అన్నాడు. "ఒక్కడూ నమ్మలేదు."

బావ మైనం రాసిన దారాన్ని సూదిలోకి ఎక్కించుకుంటూ ఉన్నాడు. ఎక్కించాక తలెత్తాడు.

"వాళ్ళతో నాకేం పనిలే," అన్నాడు. "ఇంతకీ, నువ్వు నమ్మావా?"