పాతపట్నం లారీకి బొట్టు కింద పేరు

నవంబరు మొదటి శనివారం ఉదయం విజయనగరంలో గుణుపురం ప్యాసింజరు ఎక్కాను. నలభై నిమిషాలు ఆలస్యం. పాతపట్నంలో శామ్యూల్ గారి రైసుమిల్లు దగ్గర ఒక పాత లారీ ఉంది. సోమవారం దాన్ని కోయించి తుక్కుకు అమ్మేస్తున్నారు. అది ఫలానా చిన్న కార్ఖానా కట్టిన కొద్ది లారీల్లో ఒకటని నేను తేల్చి చెబితే, పాత వాహనాలు భద్రపరిచే విశాఖ ఆయన కొంటానన్నారు. లారీ బాడీలు కట్టే షెడ్డులో ముప్పై ఏడేళ్లు లెక్కలు రాశాను కాబట్టి ఇలాంటి పిలుపులు వస్తుంటాయి.

ఎదురు సీటు ఆవిడ నవ్వింది. “ఏటి మామ్మా, లారీ సూడ్డానికి రైలెక్కినావా? మా ఈదిలోంచి రోజూ పోతన్నాయి, వచ్చి సూసుకో!” టెక్కలిలో దిగుతూ నా చేతిలో రెండు అరటిపళ్లు పెట్టింది.

స్టేషను నుంచి మిల్లుకు ఆటో ముప్పై రూపాయలు. లారీ ముందు జాలీ, అదే గ్రిల్లు, పెద్ద కంపెనీది. విడిభాగాలు దొరక్క ఎప్పుడో తగిలించారు. ఊరంతా ఆ కంపెనీ పేరే చెబుతుంది. తలుపు తీసి చూస్తే కేబిన్ చట్రం టేకు. మూలల్లో ఒక్క మేకు లేదు, కర్రలో కర్రను దిగేశారు. ముందు అద్దం రెండు పలకలు, దేనికది విడిగా తెరుచుకుంటుంది. ఎంత ముచ్చటైన పనితనం! కానీ రుజువు కావాలి. స్టీరింగు పక్కన ఇత్తడి రేకు ఉంది, దాని మీద వేలు మందాన పసుపు, కుంకుమ గడ్డకట్టాయి.

బ్లేడు తీశాను. ఆ లారీ నడిపిన అప్పలస్వామి అడ్డొచ్చాడు.

“గీకొద్దమ్మా. ఏటా దసరాకి మా ఆడది ఎట్టిన బొట్టది. అది పోయి రెండేళ్లయిపోనాది.”

“ఒరే అప్పలసామీ, మా చర్చి సంఘంలోళ్లు ఎన్నిసార్లన్నా నీ బొట్టు తుడిపించినానేటి?” అన్నారు శామ్యూల్ గారు. “సోమారం కటింగోడు వస్తే బొట్టూ ఉండదు, బండీ ఉండదు. నువ్వే సెప్పు.”

అతను రేకు వైపు ఒకసారి చూసి ఇంటికి నడిచాడు. నేను బ్లేడు సంచిలో పెట్టేశాను.

శామ్యూల్ గారింట్లో అన్నం, పప్పు, ఎండుచేపల వేపుడు. రెండింటికి అప్పలస్వామి తలస్నానం చేసి, గిన్నెలో వెచ్చని కొబ్బరినూనెతో వచ్చాడు. గుడ్డతో నూనె అద్ది, నాననిచ్చి, బొటనవేలితో పొర పొరగా లేపి అరిటాకులో పెట్టాడు. లారీ అంతా తుప్పు; ఆ రేకు మాత్రం నిన్న బిగించినట్టుంది. ఆ పూత దానికి చెమ్మ తగలనివ్వలేదు. ఆ చిన్న కార్ఖానా పేరు, బండి నంబరు పైకే చదివాను.

“ఇన్నేళ్లూ ఈ పేరు మీదేటే ఎట్టినావు, పిచ్చిదానా!” అని నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ఆకులోది పిసికి, అక్షరాలకు తగలకుండా రేకు పైన ఒక్క బొట్టు పెట్టాడు.

నాలుగున్నరకు శ్రీకాకుళం బస్సెక్కాను. ఇలా పేర్లు వెతికేవారు బ్లేడు మాని కొబ్బరినూనె పట్టుకెళ్లండి. ఇన్ని లారీలు చూశాను, ఇంత చక్కగా నిలిచిన పేరు ఎక్కడా చూడలేదు. దారిలో విశాఖ ఆయన ఫోను. నేను పంపిన ఫొటోలు చూసి పొంగిపోయారు.

“ఆ ఎర్ర మరక తుడిపించేద్దామండీ.”

“ధ్రువపత్రంలో మార్చకూడనివి నాలుగు రాశాను,” అన్నాను. “టేకు చట్రం, అద్దం, రేకు, బొట్టు. ఒప్పుకుంటే సంతకం పెడతాను.”

ఆమదాలవలస దాటేలోపు ఒప్పుకున్నారు.